ఏ కంపెనీ బండి మంచిది?

ఉదయం ఆరు గంటలకు కనిగిరి ఊరి బయట ఏ దారి పక్కనైనా పది నిమిషాలు నిలబడి చూడండి. పామూరు దారి కావచ్చు, పొదిలి దారి కావచ్చు. రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకొని ఒక మోపెడ్ వస్తుంది. దాని వెనుక పచ్చగడ్డి మోపు ఒకటి కదిలి వస్తుంది. దగ్గరికి వచ్చాక గానీ ఆ మోపు కింద బండి ఉందనీ, బండి మీద మనిషి ఉన్నాడనీ తెలియదు. ఆ తరువాత మంచినీళ్ల క్యాన్లు. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. శుద్ధి చేసిన నీళ్లు చాలా ఇళ్లకు చేరేది ఇలాంటి రెండు చక్రాల మీదనే.

ఈ బండ్లలో ఒకటి ఒక రోజు ఆగిపోతే ఏమవుతుంది? పాలు విరిగిపోతాయి. ఆ రోజు సంపాదన పోతుంది. మరమ్మతుకు ఉన్న డబ్బు కూడా పోతుంది. అందుకే మన దగ్గర బండి కొనేవారు రంగు గురించీ, వేగం గురించీ తరువాత అడుగుతారు. ముందుగా అడిగేది ఇదే: "ఏ కంపెనీ బండి మంచిది? నడిదారిలో నిలబెట్టనిది ఏది?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని మనిషి ఊళ్లో ఉండడు. "మా బావ బండి పన్నెండేళ్లుగా నడుస్తోంది, ఇంతవరకు హెడ్డు విప్పలేదు" అని ఒకరంటారు. "ఆ కంపెనీది మాత్రం కొనొద్దు, మా పక్కింటివాళ్లది ఆర్నెల్లకే షెడ్డుకెక్కింది" అని ఇంకొకరంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. అయినా, ఆ రెండు మాటలను నమ్మి మీ నాన్నగారు వేల రూపాయలు పెట్టవచ్చునా?

ఇలాంటి ప్రశ్నలను తేల్చడానికే ఇంజనీరింగులో ఒక శాఖ ఉంది. ఒక యంత్రం తనకు అప్పగించిన పనిని, చెప్పిన పరిస్థితుల్లో, చెప్పినంత కాలం చెడిపోకుండా చేయగల సంభావ్యతను దాని 'విశ్వసనీయత' అంటారు. ఈ నిర్వచనంలో పని ఉంది, పరిస్థితి ఉంది, కాలం ఉంది. కంపెనీ పేరు మాత్రం లేదు, చూశారా! కాబట్టి కంపెనీ సంగతి తరువాత చూద్దాం. ముందు ఇంజను మూత విప్పుదాం.

రెండు స్ట్రోకులు, నాలుగు స్ట్రోకులు

1876లో జర్మనీలో నికోలస్ ఆటో అనే ఆయన నాలుగు స్ట్రోకుల ఇంజనును తయారుచేశాడు. (మన ఆటో రిక్షాకూ ఈయన పేరుకూ ఏ సంబంధమూ లేదు సుమా!) ఇందులో పిస్టన్ ఒకసారి కిందికి దిగి పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీలుస్తుంది. పైకి వెళ్లి దాన్ని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ విసురుతుంది, మంట పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్లీ పైకి వెళ్తూ పొగను బయటికి నెడుతుంది. నాలుగు కదలికలు, అంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్క మంట. గాలి రావడానికి ఒక కవాటం, పొగ పోవడానికి ఒక కవాటం ఉంటాయి. వాటిని సరైన వేళకు తెరవడానికి కామ్ కడ్డీ, దాన్ని తిప్పడానికి టైమింగ్ చైను, నూనెను పైకి పంపడానికి చిన్న పంపు కావాలి.

1891లో ఇంగ్లండులో జోసెఫ్ డే అనే ఇంజనీరు ఈ సరంజామాను చాలావరకు తీసివేశాడు. సిలిండరు గోడకే రంధ్రాలు పెట్టాడు. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ ఆ రంధ్రాలను తనే మూస్తుంది, తనే తెరుస్తుంది. పిస్టన్ పైన మంట మండుతుంటే, దాని కింద క్రాంకు పెట్టెలో తరువాతి విడత గాలి, పెట్రోలు సిద్ధమవుతూ ఉంటాయి. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక మంట! ఇదే రెండు స్ట్రోకుల ఇంజను. కదిలే ముఖ్య భాగాలు పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంకు, అంతే. కొన్నింటిలో పలుచని రేకు కవాటం ఒకటి అదనంగా ఉంటుంది.

ప్రతి చుట్టుకూ మంట ఉంటే బలం ఎక్కువ రావాలి కదా? వస్తుంది. 1985లో మన దేశంలో రెండు బండ్లు అమ్మకానికి వచ్చాయి. యమహా ఆర్.ఎక్స్.100 రెండు స్ట్రోకులది, 98 సి.సి. హీరో హోండా సి.డి.100 నాలుగు స్ట్రోకులది, 97 సి.సి. సిలిండర్లు దాదాపు సమానం. మొదటిది 11 అశ్వశక్తి ఇస్తే, రెండవది ఏడెనిమిదికి మించలేదు. కానీ లీటరు పెట్రోలుకు ఎవరు ఎక్కువ దూరం పోయారని అడిగితే కథ తిరగబడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో పొగ పోయే రంధ్రమూ, కొత్త మిశ్రమం వచ్చే రంధ్రమూ కొద్దిసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. దొరికిన సందులో కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సరు దారి పడుతుంది. కలిపిన నూనె కూడా కొంత కాలి నీలంపొగ అవుతుంది.

మన పెద్దలు నడిపిన బండ్లు చాలావరకు ఈ రెండు స్ట్రోకులవే. పోలండు దేశపు నమూనాతో ఎస్కార్ట్స్ వారు చేసిన రాజ్‌దూత్, మైసూరులో తయారైన జావా, యెజ్డీ, 1972లో వచ్చిన లూనా, 1980లో హోసూరు నుంచి వచ్చిన టి.వి.ఎస్.50, ఆ తరువాతి ఎక్స్.ఎల్. బండ్లు, అన్నీ అంతే. అప్పట్లో నాలుగు స్ట్రోకుల బండి అంటే చాలామందికి గుర్తొచ్చేది మద్రాసులో తయారయ్యే ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు. పొగ నియమాలు బిగుస్తూ వచ్చిన కొద్దీ కథ మారింది. 2015లో టి.వి.ఎస్. వారు మోపెడ్‌కు నాలుగు స్ట్రోకుల ఇంజను పెట్టి ఎక్స్.ఎల్.100 అన్నారు. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 నియమాలు వచ్చాక కొత్త బండ్లలో రెండు స్ట్రోకులవి మాయమయ్యాయి. కానీ పాత బండ్ల బేరాల్లో మాత్రం ఇప్పటికీ రెండు రకాలూ కనబడతాయి. మీ ఇంట్లో కొనబోయేది పాత బండే అయితే ఈ తేడా మీకు పనికివస్తుంది.

తక్కువ భాగాలుంటే మేలా?

"ఉన్నవి మూడు భాగాలు. పోవడానికేముంది?" అని రెండు స్ట్రోకుల అభిమానులు అంటారు. ఈ మాటను లెక్కలో పెట్టి చూద్దాం.

ఒక యంత్రంలో 10 భాగాలున్నాయనీ, ఏ ఒక్కటి పోయినా యంత్రం ఆగిపోతుందనీ అనుకోండి. ఒక్కో భాగం ఏడాదిపాటు నిలిచే సంభావ్యత 0.99. అంటే నూటికి తొంభైతొమ్మిది. అన్నీ కలిసి నిలిచే సంభావ్యత ఎంత? 0.99ని పదిసార్లు గుణించండి. 0.90 వస్తుంది. పదింటిలో ఒక బండి ఏడాదిలో ఆగుతుందన్నమాట. భాగాలు 30 అయితే? 0.99ని ముప్పైసార్లు గుణిస్తే 0.74. నాలుగింటిలో ఒకటి ఆగిపోతుంది! ఒక్కో భాగం ఎంతో మంచిదైనా, అన్నీ కలిసేసరికి నమ్మకం ఎలా కరిగిపోయిందో చూడండి. అభిమానుల మాటలో నిజముంది.

ఇప్పుడు ఆ 30 భాగాల్లో ఒక్కోదానికి 0.99 బదులు 0.999 ఇచ్చి చూడండి. ముప్పైసార్లు గుణిస్తే 0.97 వస్తుంది. పది భాగాల బండి కన్నా ముప్పై భాగాల బండే నయమైపోయింది. కాబట్టి ఎన్ని భాగాలున్నాయి అనేది సగం ప్రశ్నే. ఒక్కో భాగం లోపల ఏ పరిస్థితుల్లో బతుకుతోంది అనేది మిగతా సగం. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, ఏ కంపెనీవీ కావు. అయితే రెండు ఇంజన్ల మధ్య తేడా ఈ దారిలోనే ఉంది.

నాలుగు స్ట్రోకుల ఇంజను అడుగున నూనె నిలువ ఉంటుంది. క్రాంకు, గేర్లు, కామ్ కడ్డీ అన్నీ ఆ నూనెలో తడుస్తూ తిరుగుతాయి. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు పెట్టె గాలి పీల్చే తిత్తిగా పనిచేస్తోంది కదా, అందులో నూనె నిలవదు. అందుకని నూనెను పెట్రోలులోనే కలుపుతారు. సాధారణంగా లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె. సరైన పాలు ఎంతో బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ కొద్ది నూనె తుంపర్లుగా మారి పోతూ పోతూ బేరింగులనూ, సిలిండరు గోడనూ తడిపి, తరువాత కాలిపోతుంది. తొట్టి స్నానానికీ, పన్నీటి చిలకరింపుకూ ఉన్నంత తేడా!

పైగా పని కూడా ఎక్కువ. నిమిషానికి 5000 చుట్లు తిరిగే ఇంజను గంటసేపు నడిస్తే, రెండు స్ట్రోకుల పిస్టన్ 3 లక్షల మంటలు భరిస్తుంది. నాలుగు స్ట్రోకులది లక్షన్నర. మధ్యలో ప్రతి మంటకూ ఒక ఖాళీ చుట్టు దొరుకుతుంది, కాస్త చల్లబడటానికి.

ఇక నూనె కలపడం మరచిపోయారనుకోండి. లేదా "ఈసారికి ఏం కాదులే" అని వట్టి పెట్రోలు పోయించారనుకోండి. అప్పుడు జరిగేదాన్ని మన మెకానిక్కులు 'సీజు కావడం' అంటారు. పిస్టన్ అల్యూమినియంతో చేసినది. పాత మోపెడ్లలో సిలిండరు లోగోడ పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. 46 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.1 మిల్లీమీటరు ఉబ్బుతుంది. అంతే వేడికి ఇనుప సిలిండరు 0.05 మిల్లీమీటరే సాగుతుంది. ఈ రెండింటి మధ్య కంపెనీవారు విడిచిన సందు కూడా మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే, మీ తల వెంట్రుక మందమంత! ఆ సందులో నూనె పొర లేకపోతే ఒరిపిడి పెరుగుతుంది, ఒరిపిడితో వేడి, వేడితో ఉబ్బు, ఉబ్బుతో మళ్లీ ఒరిపిడి. చివరికి పిస్టన్ గోడకు కరుచుకొని ఆగిపోతుంది. వెనుక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది. బండి మీద ఉన్నవారికి ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

నూనె సరిగా కలిపినా ఈ ప్రమాదం ఒకచోట దాగి ఉంటుంది. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల ఘాటును తలచుకోండి. పల్లంలో పెట్రోలు ఆదా చేద్దామని యాక్సిలరేటరు పూర్తిగా తగ్గించి, బండిని గేరులోనే దొర్లిస్తారు. ఇంజను వేగంగా తిరుగుతూనే ఉంటుంది. పెట్రోలు మాత్రం చుక్క చుక్కగా వస్తుంది. పెట్రోలు తగ్గితే దానితో వచ్చే నూనె కూడా తగ్గినట్లే. అందుకే అనుభవమున్నవారు దిగుడులో మధ్య మధ్య యాక్సిలరేటరు కొంచెం తిప్పుతారు. ఎక్కుడులో ఇంకో చిక్కు. రెండు క్వింటాళ్ల బరువుతో నడకవేగంలో పాకే బండికి ఇంజను వేడి బాగా పుడుతుంది, దాన్ని చల్లార్చే ఎదురుగాలి మాత్రం తగలదు. దానికి తోడు 40 డిగ్రీలు దాటిన మే నెల ఎండ.

నాలుగు స్ట్రోకుల బండి ఇలా ఒక్క పూటలో ప్రాణం విడవదు. అది మెల్లగా చెడుతుంది, అదే దాని మాయ. అడుగునున్న నూనె నెలనెలా నల్లబడుతుంది, కొంచెం కొంచెంగా తగ్గుతుంది. బండి నడుస్తూనే ఉంటుంది గనుక ఎవరూ పుల్ల బయటికి తీసి చూడరు. టాపెట్ల సందు బిగుసుకుపోయి కవాటం పూర్తిగా మూసుకోకపోతే, ఆ సందులోంచి మంట చిమ్మి కవాటం అంచు కాలిపోతుంది. కిక్కు కొడితే తేలిగ్గా పోతుంది, బండి మాత్రం లేవదు. మెకానిక్కు హెడ్డు విప్పాకగానీ ఏడాదిగా లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఒక రకం బండి నూనె కలపడం మరిచినవాణ్ణి వెంటనే శిక్షిస్తుంది, ఇంకో రకం నూనె మార్చడం మరిచినవాణ్ణి ఆలస్యంగా, ఎక్కువ ఖర్చుతో శిక్షిస్తుంది. మీ ఇంట్లోవారు ఏది మరిచిపోయే రకమో మీకే బాగా తెలుసు!

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. మట్టిదారుల్లో తిరిగే బండికి గాలి వడపోత జాలీయే ఊపిరి. అది చిరిగితే సన్నని ఇసుక లోపలికి పోయి రింగులను, బోరును అరగదీస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో గాలి క్రాంకు పెట్టెలోంచే పోతుంది కాబట్టి ఆ ఇసుక బేరింగులను కూడా వదలదు. జాలీ కడగడానికి పావుగంట చాలు. బోరింగు చేయించి కొత్త పిస్టన్ వేయించడానికి ఎంత అవుతుందో ఏ షెడ్డులోనైనా అడిగి చూడండి.

మంచు దేశాల్లో ఇదే తగాదా

ఈ రెండు ఇంజన్ల తగాదా మన ఊరిదే కాదు. భూగోళానికి అవతల కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో మంచు మీద నడిచే మోటారు బండ్లున్నాయి. వాటికి ముందు చక్రం బదులు జారుడు బద్దీలు, వెనుక చక్రం బదులు తిరిగే రబ్బరు పట్టా ఉంటాయి. మన దేశంలో గుల్మర్గ్‌లో సందర్శకులు వీటి మీద తిరుగుతారు. సియాచిన్‌లో మన సైనికులకు ఇవి అవసరమైన వాహనాలు.

వీటి చరిత్రలో గుర్తుంచుకోవలసిన పేరు జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో మెకానిక్కు ఆయన. 1934 శీతాకాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కు కడుపులో చీము పట్టింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకుపోయే మార్గం లేక ఆ పసివాడు చనిపోయాడు. మంచు మీద నడిచే బండ్లు చేయడమే ఆయన జీవితకాలపు పనయింది. 1959లో ఆయన కంపెనీ స్కీ-డూ అనే చిన్న బండిని తెచ్చింది. తరువాత పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్, యమహా పోటీకి నిలిచాయి.

అక్కడివారు కూడా "ఏ కంపెనీది మంచిది? రెండు స్ట్రోకులా, నాలుగా?" అని వాదించుకుంటూనే ఉంటారు. అక్కడ బండి నడిదారిలో ఆగితే పాలు విరగడం కాదు, మనిషే గడ్డకట్టే ప్రమాదముంది. మరి నాలుగు స్ట్రోకులదే గెలిచిందా? 2003 మోడలుగా యమహా నాలుగు స్ట్రోకుల మంచుబండిని తెచ్చి, ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆ దారినే నడిచింది. 2023లో మాత్రం మంచుబండ్ల వ్యాపారాన్నే విరమిస్తున్నామని ప్రకటించింది. రెండు స్ట్రోకుల మంచుబండ్లు నేటికీ కొత్తవి తయారవుతున్నాయి. కారణం బరువు. మెత్తటి మంచులో బరువైన బండి కూరుకుపోతుంది. కవాటాలు, కామ్ కడ్డీ, నూనె తొట్టి లేని ఇంజను తేలిక. అంతేకాదు, గడ్డకట్టే చలిలో అడుగున చిక్కబడిన నూనెను చిలకవలసిన పని దానికి లేదు. మన దారిలో దాని లోపమైనది అక్కడ సుగుణమైంది! నిర్వచనంలో 'చెప్పిన పరిస్థితుల్లో' అన్న మాట ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదూ? నీళ్లతో చల్లబడే మంచుబండ్లు చాలావాటిలో, పట్టా ఎగజిమ్మే మంచు తగిలితేనే ఆ నీళ్లు చల్లబడతాయి. మంచు లేని గట్టి నేల మీద నడిపితే అంత చలిలోనూ అవి కాగిపోతాయి. నల్లమల ఎక్కుడులో మన మోపెడ్ పడే బాధే అది.

ఇక కంపెనీల సంగతి

ఒకే రకం ఇంజను, ఒకే ఊరు, ఒకే పని అనుకుందాం. అప్పుడు కంపెనీలను పోల్చవచ్చు. ఎలా?

"మెకానిక్కును అడిగితే సరి" అంటారు. అడగండి. ఆయన దగ్గరికి నెలలో 'అ' కంపెనీ బండ్లు 40 వచ్చాయి, 'ఆ' కంపెనీవి 10 వచ్చాయి అన్నాడనుకోండి. 'అ' చెడ్డదనేనా? ఊళ్లో 'అ' బండ్లు 2000, 'ఆ' బండ్లు 200 ఉన్నాయని తేలితే? మొదటిది నూటికి 2, రెండవది నూటికి 5. తీర్పు తలకిందులైంది. ఎక్కువగా అమ్ముడుపోయిన బండి ఎక్కువగా షెడ్డులో కనబడుతుంది, అంతే.

బండ్ల సంఖ్య ఒక్కటే చాలదు. నీళ్ల క్యాన్లు మోసే బండి రోజుకు 60 కిలోమీటర్లు, ఏడాదిలో 300 రోజులు తిరిగితే 18,000 కిలోమీటర్లు. మా ఉపాధ్యాయుల బండి రోజుకు 5 కిలోమీటర్ల లెక్కన 1500. రెండూ ఏడాదిలో ఒక్కొక్కసారి ఆగాయంటే అవి సమానమా? క్యాన్ల బండి పన్నెండు రెట్లు నయం, ఆ బరువు మోస్తూ కూడా!

వయసు కూడా కలవాలి. చాలా యంత్రాల జబ్బులను గ్రాఫు కాగితం మీద గీస్తే స్నానపు తొట్టి ఆకారం వస్తుంది. కొత్తలో తయారీ లోపాల వల్ల కొన్ని చెడిపోతాయి, గీత ఎత్తుగా ఉంటుంది. తరువాత చాలాకాలం అడుగున సమంగా పోతుంది. అరిగిపోయే వయసు రాగానే మళ్లీ లేస్తుంది. ఒక కంపెనీ బండిని తొట్టి అడుగున, ఇంకో కంపెనీ బండిని తొట్టి అంచున పట్టుకొని పోల్చితే న్యాయం కాదు.

"ఆ కాలం బండ్లే బండ్లు! మా తాత రాజ్‌దూత్ ఇప్పటికీ నడుస్తోంది" అనే మాట వినే ఉంటారు. నిజమే, అది నడుస్తోంది. దానితో పాటు అమ్ముడైన మిగతావి ఏవి? అవి పాత ఇనుము కొట్టులో కరిగి ఎప్పుడో కడ్డీలైపోయాయి. వాటి తరఫున మాట్లాడేవారు లేరు. ఈ పొరపాటును ఎలా దిద్దుకోవాలో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అబ్రహాం వాల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు చూపించాడు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన విమానాల మీద తూటా దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కలు అందాయి. దెబ్బలు ఎక్కువున్నచోట కవచం వేద్దామని ఎవరికైనా తోస్తుంది. వాల్డ్ లెక్క దానికి ఎదురు తిరిగింది. వచ్చిన విమానాల్లో ఇంజను మీద దెబ్బలు తక్కువ ఉన్నాయంటే, ఇంజనుకు దెబ్బ తగిలినవి తిరిగిరాలేదని అర్థం! ఈ వాల్డ్ మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలోనే మరణించాడు.

ఇంకొక చిక్కు చిన్న లెక్కలది. ఒక నాణేన్ని పదిసార్లు ఎగరవేయండి. ఏడుసార్లు గాని అంతకన్నా ఎక్కువ గాని బొమ్మ పడటం వింత కాదు. ఆరుగురు చేస్తే ఒకరికి అలా పడవచ్చు (1024లో 176 అవకాశాలు, మీరే లెక్కవేయండి). నాణెంలో ఏ లోపమూ లేదు. అలాగే మీకు తెలిసిన పది బండ్లలో ఏడు చెడిపోయినంతలో కంపెనీ చెడ్డదని చెప్పలేం. మరి ఒక బావగారి బండి, ఒక పక్కింటి బండి లెక్క ఎంత?

ఆగినా త్వరగా లేచేది

ఆగకుండా ఉండటం ఒక ఎత్తు. ఆగినా త్వరగా లేవడం ఇంకో ఎత్తు. 'అ' బండి ఏడాదిలో 6 సార్లు ఆగింది, ప్రతిసారీ పూట పని. మొత్తం 3 రోజులు. 'ఆ' బండి ఒక్కసారే ఆగింది, కానీ దాని సామాను కనిగిరిలో దొరకలేదు, ఒంగోలులో లేదు, విజయవాడ నుంచి తెప్పించేసరికి 5 రోజులు. విశ్వసనీయతలో 'ఆ' గొప్పది. పాలవ్యాపారికి మాత్రం 'అ' మేలు. ఆ ఆరు ఆగుళ్లూ నడిదారిలో అర్ధరాత్రి కాకపోతేనే అనుకోండి! పాత మోపెడ్ మన పల్లెల్లో అంతకాలం నిలిచిందంటే అది ఆగదని కాదు, నాలుగు పానాలు, ఒక ప్లగ్గు పట్టీ ఉంటే చెట్టు కిందనే విప్పి బిగించవచ్చని నా అభిప్రాయం. ఈనాటి ఇంజన్లలో పెట్రోలును లెక్కగా చిమ్మే ఎలక్ట్రానిక్ పరికరాలున్నాయి. అవి అరుదుగా చెడతాయి. చెడితే చెట్టు కింద పని జరగదు.

ఈ వేసవి సెలవుల్లో మీరు నలుగురైదుగురు కలిసి ఒక నోటుపుస్తకం తెరవండి. కంపెనీ, ఇంజను రకం, కొన్న సంవత్సరం, రోజుకు నడిచే దూరం, మోసే బరువు, ఏడాదిలో ఎన్నిసార్లు ఆగింది, ఏ భాగం పోయింది, ఎన్ని రోజులు షెడ్డులో ఉంది అని గడులు గీయండి. షెడ్డు దగ్గర కూర్చుని రాయకండి, అక్కడికి వచ్చేవన్నీ జబ్బు బండ్లే. వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి వరకు వరుసగా అడగండి. అమ్మేసిన బండ్లనూ, పాత ఇనుముకు వేసిన బండ్లనూ అడగడం మరవకండి. ఒక్కో రకానికి ముప్పై నలభై బండ్లయినా చేరాక మొత్తం కిలోమీటర్లను మొత్తం ఆగుళ్లతో భాగించండి. ఒక ఆగుడికీ ఇంకో ఆగుడికీ మధ్య సగటున ఎంత దూరమో వస్తుంది.

ఇంజను రకం గడిలో మూడో పేరుకు కూడా చోటు ఉంచండి. 2024 ఫిబ్రవరిలో లూనా విద్యుత్ మోటారుతో మళ్లీ వచ్చింది. అందులో పిస్టన్ లేదు, కవాటం లేదు, నూనె కలిపే పని లేదు. కదిలే భాగాలు రెండు స్ట్రోకుల ఇంజను కన్నా తక్కువ. దానికి వేడి పడని భాగం బ్యాటరీ. అలాంటి బండి మీ వీధిలో ఉంటే, ఒకసారి నింపిన చార్జీతో మే నెలలో ఎంత దూరం పోయింది, డిసెంబరులో ఎంత దూరం పోయింది, మొదటి ఏడాది ఎంత, మూడో ఏడాది ఎంత అన్నది ఆ యజమానిని అడిగి విడిగా రాసుకోండి.